పూడిక తీసిన కాలవకి శిలాఫలకం ఉండదు

(విజయవాడలో కాలనీ సంఘాల సమావేశంలో ఒక రిటైర్డ్ మున్సిపల్ ఇంజనీరు గారు మాట్లాడింది. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం అండీ. వెనక కూర్చున్న వాళ్ళకి వినపడుతోందా... ఆ, సరే.

సెక్రటరీ గారు ఫోన్ చేసినప్పుడు "కార్పొరేషన్ ఎలా పనిచేస్తుందో చెప్పండి సార్" అన్నారు. అది చట్టం దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పచ్చు, 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకొచ్చింది, పన్నెండో షెడ్యూల్లో 18 రకాల పనులు రాశారు అని. అవి మీ పిల్లలు గ్రూప్స్ కోసం చదువుతూనే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది రోజూ జరిగే పని గురించండీ. నిన్న చేసిందే ఇవాళా చెయ్యాలి, రేపూ చెయ్యాలి, ఒక్కరోజు మానేసినా తెలిసిపోతుంది, చేసినన్నాళ్ళూ మాత్రం ఎవరికీ కనపడదు. మన ఊరు 1888 ఏప్రిల్ 1న మున్సిపాలిటీ అయింది, 1981లో కార్పొరేషన్ అయింది. ఇన్నేళ్ళూ ఊరిని నిలబెట్టింది ఆ కనపడని పనే అని నా నమ్మకం. డబ్బు దగ్గరకొచ్చేసరికి మాత్రం అన్నిటికంటే వెనకపడేది కూడా అదే, అది ఎందుకో చెప్తాను.

తెల్లవారుజామునే మీ వీధి చివర కార్మికులకి హాజరు వేసే మస్టర్ పాయింటు దగ్గరికి ఎప్పుడన్నా వెళ్ళి చూశారా? మేస్త్రీ ఉంటాడు, పారిశుధ్య కార్మికులు ఒక్కొక్కళ్ళు వస్తారు, ఇదివరకు పుస్తకంలో హాజరు వేసేవాళ్ళు ఇప్పుడు ఫోన్లో మొహం చూపించాలి, సిగ్నల్ లేకపోతే అక్కడే నిలబడాలి. ఆ తర్వాత ఎవరు ఊడుపు, ఎవరు కాలవ, ఎవరు ఇంటింటి చెత్త అని పంచుతారు. ఇద్దరు రాకపోతే ఆ రెండు వీధులు ఎవరి నెత్తిన పడాలో అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఊళ్ళో ఆరోజు మొట్టమొదట జరిగే అడ్మినిస్ట్రేషన్ అంటే అదేనండీ, కమిషనర్ గారి ఛాంబర్లో జరిగేది ఆ తర్వాతే.

మన దగ్గర ఇంకో కష్టం ఉంది, కొండలు. చిట్టినగర్ వైపు, విద్యాధరపురం, మొగల్రాజపురం, గుణదల, కొండ మీద ఇళ్ళకి బండి పోదు. మెట్లెక్కి చెత్త సంచుల్లో వేసుకుని భుజాన దించుకురావాలి. నీళ్ళు కూడా అంతే, కింద ట్యాంకు నుంచి మోటార్లతో పైకి కొట్టాలి, అక్కణ్ణించి ఇంకా పైకి మళ్ళీ కొట్టాలి. కింద ఇంటికి నీళ్ళివ్వడానికయ్యే కరెంటు ఖర్చు వేరు, పై ఇంటికయ్యేది వేరు, కుళాయి ఛార్జీ మాత్రం పైవాళ్ళని ఎక్కువ కట్టమనలేం కదా, వాళ్ళు ఎలాంటి కుటుంబాలో మనకి తెలుసు.

2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పెద్ద నగరాల్లో ఇండోర్, సూరత్ తర్వాత మూడో ర్యాంకు విజయవాడకొచ్చింది. ఆ ర్యాంకు తెచ్చింది ఈ మస్టర్ పాయింట్ల దగ్గర నిలబడ్డ వాళ్ళు. 2023 డిసెంబర్ చివర్లో మున్సిపల్ కార్మికులు రాష్ట్రమంతా సమ్మె మొదలుపెడితే అది జనవరిలోకి కూడా సాగింది, అప్పుడు ఊళ్ళో సందు చివరలు ఎలా ఉన్నాయో మీరే చూశారు. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆ సందులు శుభ్రంగా ఉన్నప్పుడు మనం ఒక్కసారన్నా ఆగి చూశామా అని నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు కాలవల సంగతి. నేను ఎక్కువ కాలం పనిచేసింది ఇందులోనే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి.

మన ఊరు మూడు పెద్ద కాలవల మధ్య ఉంది, బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. ఉత్తరాన బుడమేరు వాగు, దక్షిణాన కృష్ణ. మీ ఇంటి ముందు సైడు కాలవలో నీళ్ళు పెద్ద డ్రెయిన్లో కలిసి అక్కణ్ణించి అవుట్‌ఫాల్, అంటే నీళ్ళు బయటపడే చోటు దాకా పోవాలి. ఈ ఊరు చాలావరకు బల్లపరుపు నేల, వాటం చాలా తక్కువ. వాటం తక్కువున్న కాలవలో నీళ్ళు మెల్లగా పోతాయి, మెల్లగా పోతే ఇసక మట్టి అడుక్కి దిగుతుంది, జానెడు పూడిక చేరిందంటే కాలవలో సగం కొలత పోయినట్టే. పైగా వానాకాలంలో వ్యవసాయానికి నీళ్ళు వదులుతారు కాబట్టి ఆ మూడు కాలవలూ నిండుగా పారుతుంటాయి. సరిగ్గా మనకి వాన పడే రోజుల్లోనే. అటు కాలవ మట్టం పైకుంటే మన డ్రెయిన్ నీళ్ళు దాంట్లోకి దిగవు, వెనక్కి తంతాయి. అందుకే వాన ఆగిపోయాక కూడా వన్‌టౌన్‌లోనూ బెంజ్ సర్కిల్ పక్క సందుల్లోనూ నీళ్ళు నిలబడి ఉంటాయి.

ఇక పూడిక తీయడం. ఏప్రిల్, మేలో తీయాలి, జూన్‌లో తీస్తే తీసినట్టు కాదు. తీసిన పూడిక తడిగా ఉంటుంది, అలాగే ట్రాక్టర్‌లో ఎక్కిస్తే దారంతా కారిపోతుంది, అందుకని గట్టున వేసి ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి ఎత్తాలి. ఈ రెండు రోజులే అసలు గండం. వీధి కాలవ తీసేది ప్రజారోగ్య విభాగం వాళ్ళు, పెద్ద డ్రెయిన్ తీయించేది ఇంజనీరింగ్ వాళ్ళు, ట్రాక్టర్ వేరే సెక్షన్ చేతిలో ఉంటుంది. తీసినవాడికి తీసేసరికే పని అయిపోయింది, ఎత్తేవాడికి ఎక్కడుందో కబురు అందదు. ఈలోపు ఒక పెద్ద వాన పడిందంటే గట్టున ఉన్నదంతా మళ్ళీ కాలవలోకే. డబ్బూ ఖర్చయింది, కూలీ కూడా ఇచ్చాం, కాలవ మాత్రం మొదటికొచ్చింది. ఇది ఎవరి దొంగతనమూ కానక్కర్లేదండీ, ఇద్దరి మధ్య ఒక ఫోన్ కాల్ జరక్కపోతే చాలు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, ఆ చుట్టుపక్కలంతా రోజుల తరబడి నీళ్ళల్లో ఉంది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది. అంత వరద డ్రెయిన్ పూడిక తీస్తే ఆగేది కాదు, అది వేరే స్థాయి విషయం, రెండూ కలిపి మాట్లాడకూడదు. కానీ నీళ్ళు తీసిన తర్వాత చూడండి, ప్రతి ఇంట్లో బురద, మ్యాన్‌హోల్ నిండా బురద, వేరే మున్సిపాలిటీల నుంచి కార్మికులు వచ్చారు, ఫైరింజన్లతో ఇళ్ళు కడిగారు. టీవీల వాళ్ళు వెళ్ళిపోయిన తర్వాత కూడా భూగర్భ డ్రైనేజీ లైన్లలో దిగిపోయిన మట్టిని, నీళ్ళు గట్టిగా కొట్టే జెట్టింగ్ మిషన్లతో తీసే పని మిగిలింది. దానికి ఫొటోలు లేవు.

మంచినీళ్ళ గురించి ఒక్క ముక్క. ప్రతి ఏరియాలో టర్న్‌కాక్ అని ఒకాయన ఉంటాడు, టైం ప్రకారం వాల్వ్ తిప్పేది ఆయనే. ఏ వాల్వ్ ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధి చివరికి నీళ్ళెక్కుతాయో చాలాచోట్ల మ్యాపులో కంటే ఆయన బుర్రలోనే బాగా ఉంటుంది. ఆయన రిటైరైతే కొత్తాయనకి అది నేర్పాలి, రాసి పెట్టుకోవాలి. ఇంకోటి, మనకి నీళ్ళు 24 గంటలూ రావు కాబట్టి మిగతా టైంలో పైపు ఖాళీగా ఉంటుంది. ఎక్కడన్నా పైపుకి చిల్లు ఉండి పక్కనే మురుగు కాలవ ఉంటే, ఆ ఖాళీ టైంలో మురుగు లోపలికి దిగుతుంది. మీలో ఎవరన్నా కుళాయికి డైరెక్టుగా మోటార్ బిగించి లాగుతుంటే దయచేసి మానండి, ఆ లాగుడుకి బయటి మురికి ఇంకా తొందరగా లోపలికొస్తుంది, పైగా అది మీ ఇంటికే కాదు, వీధి మొత్తానికి. చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, చుక్కలు వేసి రంగు చూసే చిన్న కిట్టుతో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. మీ వార్డు సచివాలయంలో నీళ్ళు, రోడ్ల పనులు చూసే అమెనిటీస్ సెక్రటరీని మీ వీధి చివరి ఇంటి దగ్గర టెస్ట్ చెయ్యమని అడగండి, ట్యాంకు దగ్గర చేస్తే సరిపోదు.

ఇప్పుడు డబ్బు దగ్గరకొద్దాం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

కార్పొరేషన్‌కి డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి సొంత ఆదాయం, ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, కుళాయి, డ్రైనేజీ ఛార్జీలు, ట్రేడ్ లైసెన్సులు, ప్లాన్ అప్రూవల్ ఫీజులు, షాపుల అద్దెలు. రెండోది పైనుంచి వచ్చే గ్రాంట్లు. నగరాల కోసం కేంద్రం స్కీములు, 2005లో జేఎన్ఎన్‌యూఆర్ఎం, 2015లో అమృత్ వచ్చాయి, ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్లు ఎలాగూ ఉన్నాయి. ఈ స్కీముల డబ్బు ఎక్కువగా కొత్తవి కట్టడానికి ఇస్తారు. కొత్త ట్యాంకు, కొత్త పైపులైను, కొత్త ప్లాంటు. కట్టిన తర్వాత దాన్ని నడిపే కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం, కాలిపోయిన మోటార్ రీవైండింగు, నీళ్ళు తేర్చే పటిక, క్లోరిన్ సిలిండర్లు, ఇవన్నీ సొంత ఆదాయంలోంచే రావాలి. ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు లోన్ ఇస్తుంది గానీ రోజూ ఊడ్చుకోవడానికి ఎవరూ లోన్ ఇవ్వరు కదా, అలాంటిదన్నమాట. అందుకని ప్రతి కొత్త కట్టడం వెనకాల ఒక శాశ్వతమైన ఖర్చు వస్తుంది, ప్రారంభోత్సవం రోజు దాని గురించి ఎవరూ మాట్లాడరు.

జీతాలు, కరెంటు, డీజిల్ ఇవి ఆపలేనివి. ఆదాయం తగ్గితే కోత పడేది మెయింటెనెన్స్ మీద. ఈ ఏడాది పెయింట్ వేయకపోయినా పంపు నడుస్తుంది, ఈ ఏడాది వాల్వ్ మార్చకపోయినా ఏదోలా నెట్టుకొస్తుంది. అలా అలా వాయిదా వేసుకుంటూ పోయి ఒకరోజు మొత్తం పాడైతే అప్పుడు కొత్తది కట్టడానికి గ్రాంటు అడుగుతాం. దీనివల్ల ఎంత నష్టమో లెక్క కట్టేవాళ్ళు కూడా ఉండరు. నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నన్ను బాగా నలిపేసింది ఇదేనండీ.

పన్ను గురించి మీలో చాలామందికి కోపం ఉంది, నాకు తెలుసు. ఇదివరకు అద్దె విలువ మీద వేసేవాళ్ళు, 2020లో చట్టం మార్చి ఆస్తి విలువ మీద వేయడం మొదలుపెట్టారు, రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే ఇదీ పెరుగుతుంది, ఏడాదికి 15 శాతం మించి పెంచకుండా పరిమితి పెట్టారు. ఆ పద్ధతి బాగుందా లేదా అన్న వాదన ఉంటుంది, ఉండాలి కూడా. అద్దెలు రాని పాత పెంకుటిల్లు మంచి సెంటర్లో ఉంటే దానికి విలువ మాత్రం ఎక్కువ పడుతుంది, ఆ ఇంట్లో పెన్షన్ మీద బతికే పెద్దాయన ఉంటారు, అది నిజంగా ఆలోచించాల్సిన సంగతి. కానీ కట్టేది ఎలాగూ కట్టాలి కాబట్టి ఏప్రిల్ 30 లోపు మొత్తం ఏడాదిది కట్టేయండి, 5 శాతం తగ్గుతుంది. ఆలస్యమైతే నెలకి 2 శాతం వడ్డీ, బ్యాంకు వడ్డీకంటే ఎక్కువ. పైగా ఏప్రిల్‌లో డబ్బు చేతికొస్తే ఆ వేసవిలోనే పూడిక తీయించడానికి పనికొస్తుంది, మార్చి ఆఖర్లో వస్తే పాత బిల్లులకే పోతుంది. కట్టాక ఆ డబ్బు దేనికి ఖర్చయిందో గట్టిగా అడగండి, అది మీ హక్కు.

ఒక చిన్న పని ఎలా జరుగుతుందో చెప్తాను, మీ వీధి కాలవ మీద పలక విరిగిందనుకోండి. సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీ చూసి కొలత తీస్తారు. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఎస్టిమేటు వేస్తారు, ఆయన పైన డీఈ చూస్తారు, మొత్తాన్ని బట్టి ఆ పైన ఈఈ గానీ ఇంకా పైవాళ్ళు గానీ టెక్నికల్ శాంక్షన్ ఇస్తారు. డబ్బు ఏ హెడ్‌లో, అంటే ఏ పద్దులో ఉందో అకౌంట్స్ వాళ్ళు చెప్పాలి. కమిషనర్ గారి మంజూరు, పెద్ద మొత్తమైతే స్టాండింగ్ కమిటీకి, కౌన్సిల్‌కి వెళ్తుంది. తర్వాత టెండరు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు. పని అయ్యాక ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో రాయాలి, పై అధికారి మళ్ళీ కొలిచి చూసి సంతకం పెట్టాలి, క్వాలిటీ వాళ్ళు చూడాలి, అప్పుడు బిల్లు. పలక విలువ తక్కువే, దాని చుట్టూ తిరిగే కాగితం మాత్రం ఇంత. జనానికి ఇది చిరాగ్గా ఉంటుంది. కానీ ఎం-బుక్ అనేది లేకపోతే వెయ్యని పలకకి కూడా బిల్లు అయిపోతుంది, కాబట్టి ఆ పుస్తకాన్ని తీసేయమని నేను అనను. చిన్న రిపేర్లన్నీ కలిపి ఏడాదికి ఒకే టెండరు పిలిచి పెట్టుకుంటే, ప్రతి పలకకీ ఇంత తిరుగుడు ఉండదు. అది చేసుకోవచ్చు, చేసినచోట బాగానే నడిచింది.

అన్నట్టు ఇంకోటి, బిల్లులు నెలల తరబడి ఆగిపోతే తర్వాత చిన్న పనుల టెండర్లకి ఎవరూ రారు. రెండుసార్లు పిలుస్తారు, మూడోసారి పిలుస్తారు, నో రెస్పాన్స్. మీరేమో ఆఫీసర్ పట్టించుకోలేదు అనుకుంటారు. ఫైల్ చూస్తే ఆయన మూడుసార్లు పిలిచి ఉంటాడు.

కౌన్సిల్ గురించి. మనకి 64 డివిజన్లు, అంటే వార్డులు, గుంటూరుకి 57. గుంటూరులో 2010 తర్వాత మళ్ళీ 2021 దాకా ఎన్నికైన కౌన్సిల్ లేదండీ, పదేళ్ళకి పైగా స్పెషల్ ఆఫీసర్ల పాలనే. ఆఫీసర్లు పని చెయ్యలేదని నేను అనట్లేదు, నేనూ ఆ వైపు మనిషినే. కానీ నా వీధిలో లైటు వెలగట్లేదు అని రాత్రి తొమ్మిదింటికి తలుపు కొట్టి అడగడానికి ఒక కార్పొరేటర్ ఉండటం వేరు. కౌన్సిల్ మీటింగ్ అంటే మనకి గుర్తొచ్చేది అరుపులు, వాకౌట్లు. పేపర్లో వచ్చేది అదే. మిగతా టైమంతా అజెండా నడుస్తుంది, ఫలానా పంప్‌హౌస్‌కి మోటార్ కొనడానికి అనుమతి, ఫలానా కాంట్రాక్టు ఆరు నెలలు పొడిగింపు, ఫలానా అత్యవసర పనికి చేసిన ఖర్చుకి ఆమోదం. ఆ చివరి రకం ఐటమ్స్ మీద కన్నేసి ఉంచండి, నిజంగా అత్యవసరమైనవి చాలా ఉంటాయి, కొన్ని మాత్రం ముందే ప్లాన్ చేసుకుంటే అత్యవసరం అయ్యేవి కావు. ప్రతి మేలో పూడిక అత్యవసరం ఎలా అవుతుంది, మే ప్రతి ఏడాదీ వస్తుంది కదా.

మరి ఏది ఎవరిది అన్నది కూడా తెలుసుకోవాలి. కాలవ గట్టు ఇరిగేషన్ వాళ్ళది, కరెంటు స్తంభం కరెంటు సంస్థ డిస్కమ్‌ది, దాని మీద వీధి లైటు మనది, హైవే జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్ఏఐది. దసరాకి ఇంద్రకీలాద్రి మీద ఏర్పాట్లు దేవస్థానానివి, కింద రోడ్లు, నీళ్ళు, మరుగుదొడ్లు, మూడు షిఫ్టుల్లో ఊడుపు కార్పొరేషన్‌ది. మూలా నక్షత్రం రోజు లక్షల మంది వెళ్ళాక తెల్లారేసరికి కెనాల్ రోడ్డు శుభ్రంగా ఉందంటే రాత్రంతా అక్కడ ఎవరో పనిచేశారని అర్థం. ఇన్ని శాఖల మధ్య కాలవ గట్టు మీద చెత్త పడితే నాది కాదంటే నాది కాదు అనుకుంటారు, మీరు అర్జీ రాసేటప్పుడు రెండు శాఖలకీ ఒకేసారి కాపీ పెట్టండి.

నా మాట ఒకటే. జనవరి, ఫిబ్రవరిలో బడ్జెట్ తయారవుతుంది. ఆ టైంలో కాలనీ సంఘాలు వచ్చి మాకు సీసీ రోడ్డు కావాలి, పార్కు కావాలి, ఆర్చి కావాలి అని అడుగుతాయి. అడగండి, తప్పులేదు. దాంతోపాటు మా ఏరియా డ్రెయిన్ల పూడికకి ఎంత పెట్టారు, వాల్వులు మార్చడానికి ఎంత పెట్టారు, పోయినేడాది పెట్టినదాంట్లో ఎంత ఖర్చయింది అని కూడా అడగండి. నా సర్వీసులో ఆ ప్రశ్నతో వచ్చిన సంఘాలు చాలా చాలా తక్కువ. అడిగేవాళ్ళు లేని పద్దుని కోయడం ఎవరికైనా తేలిక. శిలాఫలకం లేని పనికి అడిగే నోరు మీరే అవ్వాలి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దావిడ: బాబూ, మా మనవరాలికి బర్త్ సర్టిఫికెట్లో పేరు లేదు, పేరు చేర్చమంటే తిప్పుతున్నారు.)

అమ్మా, పుట్టిన 21 రోజుల్లోపు రిజిస్టర్ చేస్తే ఫీజు ఉండదు, అప్పటికి పేరు పెట్టకపోయినా పరవాలేదు. ఏడాదిలోపు పేరు చేర్చుకోవడం కూడా ఉచితమే, ఏడాది దాటితే కొద్దిగా ఫీజు కట్టి చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి స్కూల్లో చేరాలన్నా, పాస్‌పోర్టుకైనా ఈ సర్టిఫికెట్టే ముఖ్యం, కాబట్టి వాయిదా వేయకండి. అమ్మానాన్నల పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌లో ఉన్నట్టే ఉందా అని మీరే కూర్చుని అక్షరం అక్షరం సరిచూసుకోండి, తిప్పడం ఎక్కువగా దాని దగ్గరే జరుగుతుంది.

(వెనక నుంచి ఒకరు: సార్, మా వీధిలో పూడిక తీసి గట్టున వేసి వారమైంది. ఎవర్ని అడిగినా రేపు అంటున్నారు.)

ఇవాళే ఫొటో తీయండి, తేదీ కనపడేట్టు. ఏ డోర్ నంబర్ నుంచి ఏ డోర్ నంబర్ దాకా ఉందో రాయండి, మా వీధిలో అని రాస్తే ట్రాక్టర్ డ్రైవర్‌కి దొరకదు. ముందు శానిటేషన్ సెక్రటరీకి పంపండి, ట్రాక్టర్ ఎప్పుడొస్తుందో రోజు చెప్పమనండి. ఆ రోజు రాకపోతే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి నంబర్ తీసుకోండి, నంబర్ లేకుండా బయటికి రావద్దు. వారమైంది అన్నారు కాబట్టి సోమవారం దాకా కూడా ఆగకండి, ఇవాళ ఆకాశం చూశారుగా, మీటింగ్ అవగానే మీరు నా దగ్గరకి రండి, మీ డివిజన్ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం.